లాగిన్ కాగానే వెలిగే కెమెరా

కొత్త కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ కొట్టగానే కెమెరా పక్కన పచ్చదీపం వెలిగింది. నేనింకా దేన్నీ తెరవలేదు. ఒళ్లు మండిపోయింది. వెంటనే యాదగిరన్న గుర్తొచ్చాడు. సూరత్‌లో, పర్వత్ పాటియా దగ్గరి చీరల డిజైన్ గదిలో నాకు పని నేర్పింది ఆయనే. బోర్డరు గీశాక మౌసు వదిలేసి, కళ్లద్దాలు తుడుచుకుని, పువ్వుకు పువ్వు కలిసే చోటును చాలాసేపు చూస్తూ కూర్చునేవాడు. "చెయ్యి కంటే కన్ను ఎక్కువ పని జెయ్యాలె చెల్లె. అతుకు కనవడ్డదంటే చీర ఖరాబయినట్టే" అనేవాడు.

కరోనా లాక్‌డౌన్‌లో మా సేఠ్ లినక్స్ వేసిన పాత కంప్యూటర్లను ఇళ్లకే పంపాడు. లాగిన్ కాగానే తనంతట తనే మొదలయ్యే ప్రోగ్రాం ఒకటి వాటిలో పెట్టించాడు. మౌసు కాసేపు కదలకపోతే కెమెరా తెరుచుకుని ఆయన ఫోన్‌లో మమ్మల్ని చూపిస్తుంది. సేఠ్ కూడా మా తెలంగాణవాడే, మగ్గం మీద కూర్చుని పైకొచ్చినవాడే. చూడటం కూడా పనేనని తెలిసీ ఇలా చేశాడు. ఆ మనిషిని ఇప్పటికీ క్షమించలేను.

యాదగిరన్నది మా పక్కిల్లు, ఉన్నది ఒకటే గది. ఒక మధ్యాహ్నం జావ ఇద్దామని వెళ్లి గడప దగ్గరే ఆగిపోయాను. ఆయన వెనక చాప మీద వదిన జ్వరంతో మూలుగుతోంది, ఒంటి మీద కొంగు నిలవడం లేదు. ఫోన్‌లో సేఠ్ అరుస్తున్నాడు: "చెయ్యి ఎందుకు ఆగింది యాదగిరీ? నీ పెండ్లాన్ని తర్వాత జూస్కో!"

అన్న ముందు కొంగు సర్దాడు. తర్వాత నడుస్తున్న ప్రోగ్రామును ఆపి, మెనూలో స్టార్టప్ అప్లికేషన్స్ తెరిచాడు. లాగిన్‌తో పాటు మొదలయ్యేవన్నీ పక్కన టిక్కులతో వరుసగా వచ్చాయి.

"చెప్పకుండ తీసెయ్ అన్నా" అని గొణిగాను.

"ఎందుకు? దొంగతనం జేస్తున్ననా ఏంది?" అని నన్ను కసిరి, కెమెరా ప్రోగ్రాం పక్కన టిక్కు తీసేసి, ఫోన్ అందుకున్నాడు. "సేఠ్, మీ ప్రోగ్రాం టిక్కు తీసేసిన. చీర బాగలేకుంటే అడుగుండ్రి. నా ఇంట్లకు మాత్రం చూడకుండ్రి."

సాయంత్రానికల్లా కంప్యూటర్ పట్టుకుపోయారు, ఉద్యోగం పోయింది. వదిన కోలుకుంది. అన్న సూరత్ అవతల కిమ్ అనే ఊరి దగ్గర ఒక మిల్లులో మూటలు మోయడానికి చేరాడు. అంత కన్నున్న మనిషి మూటలు మోశాడు! తలచుకుంటే ఇవాళ్టికీ నా పళ్లు పటపటలాడతాయి.

ఇప్పుడు వేరే సేఠ్ దగ్గర, ఈ డిజైన్ గదికి పెద్దను నేనే. పచ్చదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. కెమెరాను తెరిచిన ప్రోగ్రామును ఆపాను, స్టార్టప్ అప్లికేషన్స్ తెరిచి టిక్కు తీశాను. గదిలో అందరి కంప్యూటర్లలోనూ తీశాను. అప్పుడు కొత్త యజమానికి ఫోన్ చేశాను.

"సేఠ్, కెమెరా ప్రోగ్రాం నేనే తీసేసిన. చీర బాగలేకుంటే నన్ను అడుగుండ్రి."