క్యానులో తెచ్చిన తోడు

మా షెడ్డు పక్కింటి మునిరత్నమ్మ బావి నీళ్లు పుల్లటి కంపు కొట్టడంతో ఈ ప్రయాణం మొదలైంది. కుప్పం దగ్గర మా ఆడవాళ్ల సంఘం నడిపే ఆ మామిడి గుజ్జు షెడ్డు మురుగే అందుకు కారణం. తప్పు మాదే.

"వచ్చే కాయల కాలానికి ముందే మురుగు శుద్ధి చేసే తొట్టి కట్టండి. లేకుంటే షెడ్డుకు నేనే బీగమేస్తా, సూడండి" అందామె.

ఏ తొట్టి కట్టాలో చూసి రమ్మని సంఘం నన్ను పంపింది. ఉదయం ఆరుకు బస్సెక్కాను. బోర్డు నేనే చదువుకున్నాను. యాభై దాటాక నేర్చిన అక్షరాలు ఇట్లాంటప్పుడే పనికొస్తాయి.

తొమ్మిదిన్నరకు పుంగనూరు. ఇడ్లీ బాగుంది, చట్నీ మాత్రం నీళ్లు. అక్కడొక జ్యూస్ ఫ్యాక్టరీలో పెద్ద గుంట మీద నల్ల షీటు కప్పి ఉంది. గాలి తగలని మురుగులో కంటికి కనపడని పురుగులు కుళ్లు తిని గ్యాస్ వదులుతాయట. చాకిరీ తక్కువే, కానీ నీళ్లు నెల దాకా నిలవాలి. అంత నేల మాకెక్కడిది?

పదకొండున్నరకు మదనపల్లె. డెయిరీలో ఎత్తైన ట్యాంకు. మురుగు అడుగు నుంచి బురద పొర గుండా పైకి వస్తుంది. ఒక్క రోజులో పని అయిపోతుంది.

"ఇది పాడావు మాదిరమ్మా. దినామూ మురుగు మేతెయ్యాల" అన్నాడు దాన్ని చూసుకునే రెడ్డెప్ప.

"మాకు రెండు నెల్లే పనప్పా. మిగతా పది నెలలు దీన్నెవరు మేపేది?"

"అట్లయితే రాళ్ల తొట్టి కట్టుకోండి. రాళ్లకు పట్టిన పాచిలో పురుగులు పస్తున్నా సావవు. పీచు మాత్రం ముందే వడగట్టాల, లేకుంటే పూడిపోతాది."

క్యాంటీన్ వెనక అట్లాంటిదే చిన్నది చూపించాడు. నా మనసు అక్కడే నిలిచింది. శాంతిపురం క్వారీల దగ్గర రాతి ముక్కలకు కరువా!

పాలకు తోడు వేసినట్టు దీనికీ వేయాలట. ఆ తొట్టిలోని బురదే ఒక క్యాను నిండా ఇచ్చి, "మూత బిగించొద్దమ్మా" అన్నాడు. ఇన్నేళ్లు పెరుగు మోసినదాన్ని, నాకు చెప్పాలా? ఒలుకుతుందని గట్టిగా బిగించాను.

మూడున్నరకు, తిరుగు బస్సు వెంకటగిరికోట దాటగానే, లోపలి గ్యాస్‌కు మూత ఢామ్మని ఎగిరింది. సగం బురద బస్సు పాలైంది.

"ఏందవ్వా, పీనుగును తెస్తాండావా?" అన్నాడు ముందు సీటాయన.

"పీనుగైతే మూత ఎగరగొడతాదా? ప్రాణముండాదప్పా!"

కండక్టరు దిగమన్నాడు. క్యాను వదిలి దిగేదాన్ని కాదు. నా తువ్వాలుతో నేలంతా తుడిచాక వెనక కిటికీ పక్కన కూర్చోనిచ్చాడు. ఈ దారిన వెళ్లేవాళ్లు పాత తువ్వాలొకటి ఉంచుకోండి. మూత వదులుగా పెట్టండి.

ఐదుకు ఊరి దగ్గర దిగాను. మునిరత్నమ్మ ఎదురొచ్చి క్యానులోకి చూసి ముక్కు మూసుకుంది.

"ఈ కంపు పోయి ఆ కంపును తింటాదా?"

"తింటాది. తినకుంటే బీగం నేనే ఏస్తా."

సగమే మిగిలింది. తోడుకు అది చాలు. మునిరత్నమ్మ ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో క్యానుకు ఓ పక్క పట్టింది.