మేస్త్రీ వదలని పులి

మనవడి ఫోన్‌లో చదరంగం ఆడుతూ కంప్యూటర్ చేతిలో వరుసగా ఓడిపోయి, "దాని మంత్రిని తీసేయ్, అప్పుడు ఆడతా" అన్నాను. వాడు తీసేశాడు.

మన ఈడువాళ్లకు బండమీద గీసిన పులిజూదం గుర్తుందా? ఒకరికి పులులు, ఇంకొకరికి మేకలు. మా దగ్గర పులులతో గెలిచినవాడు మరుసటి ఆటలో ఒక పులిని వదులుకోవాలి. లేకపోతే అదేం ఆట?

పామిడి దగ్గర కరువు పని కింద రోడ్డు వేస్తున్నప్పుడు మేస్త్రీ రోజూ మధ్యాహ్నం పులులు తనే తీసుకొని నాయనను ఓడించేవాడు.

"ఒక పులిని తీయన్నా" అన్నాడు నాయన ఒకరోజు.

"నాకే చెప్తాండావా? మేకలతో ఆడు. లేదంటే రేపు పనికి రావద్దు."

ఆ కూలితోనే మాకు సంగటి. రోడ్డు పూర్తయ్యేదాకా నాయన నవ్వుతూ ఓడిపోయాడు. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఫోన్ మాత్రం మంత్రి లేకుండానే కిక్కురుమనకుండా ఆడింది. మళ్లీ నేనే ఓడిపోయాను. ఈసారి మాత్రం ఒళ్లు మండలేదు.