పెట్టెకో ఇంచి

ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, నరసరావుపేట బజారులో బేరమాడటంలో నన్ను మించినవాడు లేడని నేనే కాదు, నాకు సరుకు అమ్మి తలపట్టుకున్నవాళ్లూ ఒప్పుకునేవారు. రుజువు కావాలంటే వినండి. అడుగున్నర అట్టపెట్టెలు మూడొందలు చేయించడానికి వెళ్లి, పైసా ఎక్కువ ఇవ్వకుండా, ప్రతి పెట్టెనూ పొడవు, వెడల్పు, ఎత్తు అన్నిట్లోనూ ఒక్కో ఇంచి పెంచుకొచ్చిన మొనగాణ్ణి నేను. మాది కిరాణా కొట్టు. కిలో పప్పు కొన్నవాడు గుప్పెడు కొసరు అడక్కుండా వెళ్లిపోతే, పాపం ఒంట్లో బాగాలేదేమోనని నాన్న దిగులుపడేవాడు. అలాంటి కొట్లో పెరిగినవాణ్ణి, కొసరు లేకుండా ఏదైనా కొంటే చెప్పులు ఎక్కడో మరిచిపోయి ఇంటికొచ్చినట్టుండేది.

మా అమ్మ తమ్ముడు మిరపకాయల వ్యాపారి. ఆ ఏడు మామయ్యకు మొట్టమొదటిసారి విదేశాల నుంచి బేరం వచ్చింది. తొడిమలు తీసిన ఎండు మిరపకాయలు, మూడొందల పెట్టెలు, మద్రాసులో ఓడెక్కాలి. వాటి కోసం కంటైనర్ అనే ఇనుప గదొకటి లారీ మీద మన ఊరికే వస్తుందన్నారు. మామయ్య దాని లోపలి కొలతలు ముందే తెప్పించి, గోడౌను గచ్చు మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. “అడ్డానికి ఐదు, ఎత్తుకు ఐదు, పొడుగుకు పన్నెండు. సరిగ్గా మూడొందలురా. ఒక్క పెట్టె తగ్గినా ఆ అవతలివాడు మళ్లీ మన మొహం చూడడు. ఇది సక్రమంగా ఎక్కించావనుకో, మద్రాసులో గది తీసుకుందాం. అక్కడి వ్యవహారం నువ్వే చూసుకో.” మద్రాసు! ఇరవై రెండేళ్లొచ్చినా నాన్న తక్కెడ ముందు నుంచి లేవలేని నాకు, ఆ మాటతో ఆ పూట అన్నం సహించలేదు.

పెట్టెలు చేయించే పని నాకొదిలి మామయ్య సరుకు కొనడానికి గుంటూరు వెళ్లాడు. నేను ఆ గచ్చు ముందు గొంతుక్కూర్చుని మళ్లీ చూశాను. కంటైనర్ వెడల్పు ఏడడుగుల ఎనిమిది ఇంచులు, ఐదు పెట్టెలు ఏడున్నర అడుగులు. అంటే పక్కన రెండించులు ఖాళీ. పైన నాలుగించులు ఖాళీ. చివర అడుగుకు పైనే ఖాళీ. అద్దె కట్టి గాలిని ఓడెక్కించడమా! నా ప్రాణం ఒప్పుకోలేదు. పెట్టెను ఇంచి పెంచితే ఆ ఖాళీలోకి పోతుంది, ఇంకో ఇంచి అప్పటికీ మిగులుతుంది. (ఈ లెక్క మరొకసారి చదవండి. నేను చదవలేదు.)

అట్టపెట్టెలు చేసే బాబాయి దుకాణం మా కొట్టుకు ఎదురుగానే. మా మతాలు వేరు, ఇళ్లు వేరు, వరస మాత్రం చిన్నప్పటి నుంచీ బాబాయే.

“పైసా తగ్గను అబ్బాయ్, వేరే మాట మాట్లాడు,” అన్నాడు బాబాయి.

“తగ్గించమని ఎవరన్నారు బాబాయ్? కొసరెయ్.”

“అట్టపెట్టెకు కొసరేందిరా? చింతపండు అనుకున్నావా?”

“ప్రతి వైపూ ఇంచి పెంచు, చాలు.”

“పొద్దున్నించీ నా డబ్బులతో మూడు టీలు తాగావు, అది చాలక నా బుర్ర కూడా తింటున్నావు. పెంచుతాలే గానీ ముందు నువ్వు లేచి పో!”

గెలిచాను. మామయ్య గుంటూరు నుంచి ముందే పంపిన కాయలతో, ఆయన తిరిగొచ్చేసరికి పెట్టెలన్నీ నింపి, టేపు అంటించి పెట్టాను. “ఏందిరా, పెట్టెలు బొద్దుగా ఉన్నయ్యి?” అన్నాడు. “మన కాయ ఘాటుకు పొంగినయ్యి మామయ్యా,” అన్నాను. ఆయన కూడా నవ్వాడు.

కంటైనర్ వచ్చిన రోజు గోడౌను ముందు జనం గుమిగూడారు. హమాలీలు మొదటి వరస పేర్చారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదోది పట్టలేదు. అడ్డంగా తిప్పారు, నిలువుగా తిప్పారు. అన్ని వైపులా ఒకే కొలత ఉన్న పెట్టె ఎటు తిప్పినా అదే పెట్టె. అప్పుడు తట్టింది నాకు. నేను లెక్కేసింది వరసకు ఇంచి. బాబాయి పెంచింది పెట్టెకు ఇంచి. ఐదు పెట్టెలు ఐదించులు పెరిగాయి, ఖాళీ ఉన్నది రెండించులు.

సరే, ఎత్తులోనైనా ఐదు పెడదామంటే సరిగ్గా ఒక్క ఇంచి చాల్లేదు. ఒక్క ఇంచే కదా అని నేనే నాలుగో పెట్టె మీదెక్కి బలంగా కూర్చున్నాను. లోపల కాయలు పటపటమన్నాయి. మూలలోంచి ఎర్రటి ధూళి లేచింది. నేను తుమ్మాను, హమాలీలు తుమ్మారు, చూడ్డానికొచ్చినవాళ్లు తుమ్ముతూ రోడ్డవతలికి పరిగెత్తారు.

“దిగు అబ్బాయ్,” అన్నాడు హమాలీ మేస్త్రి ముక్కు తుడుచుకుంటూ. “నువ్వు లోపలుంటే ఇంకో రెండు పెట్టెలు తగ్గుతయ్యి.”

నాలుగు నాలుగుల పదహారు, పన్నెండు వరసలు. నూట తొంభై రెండు ఎక్కాయి. నూట ఎనిమిది రోడ్డు మీద మిగిలాయి. మామయ్య వాటి చుట్టూ తిరిగి నా దగ్గరికొచ్చాడు.

“ఇంచి కొసరు అడిగావా?”

“ఊరికే ఇచ్చాడు మామయ్యా.”

“ఊరికే!” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. “ఓడ వెళ్లేలోగా ఇవి కూడా అక్కడుండాలి. మద్రాసు చూస్తానన్నావుగా, పద.”

కంటైనర్ వెనకాలే మామూలు లారీలో, ఆ నూట ఎనిమిది పెట్టెల మీద టార్పాలిన్ పట్టుకుని కూర్చుని మద్రాసు వెళ్లాను. దారి పొడుగునా కళ్లు మండుతూనే ఉన్నాయి. రేవు దగ్గర ఏజెంటు నా ఎర్రటి కళ్లు చూసి, “మొదటిసారి ఇల్లు వదిలొచ్చావా తమ్ముడూ?” అని జాలిపడి టిఫిన్ పెట్టించాడు. ఇంకెవరిదో కంటైనర్‌లో చోటు చూసి మా పెట్టెలు సర్దించాడు. (అద్దె దగ్గర నేను నోరు తెరవబోయి, మూసుకున్నాను. నా జీవితంలో అది మొదటిసారి.) మూడొందలూ ఓడెక్కాయి. మామయ్య మాట నిలబడింది, ఆ అవతలివాడు మళ్లీ సరుకు అడిగాడు. మద్రాసు గదికి మాత్రం మామయ్య మా అత్తయ్య తమ్ముణ్ణి పంపాడు. అతనికి బేరమాడటం రాదు.

ఇప్పుడు మా కొట్లో కూర్చుని, ఎవరూ అడగకపోయినా, ఆ బిల్లు నిజాయితీగా వేసుకుంటుంటాను. లారీ బాడుగ, పరాయి కంటైనర్‌లో చోటుకు అద్దె, హమాలీలకు రెండోసారి కూలి. మూడూ కలిపితే మూడొందల పెట్టెలకు బాబాయికిచ్చిన సొమ్ముకు రెండింతలు దాటింది. అదంతా మామయ్యే కట్టాడు, నన్ను రూపాయి అడగలేదు. నా వంతుకు నేను కట్టింది మద్రాసు. ఇరవై రెండేళ్ల నేను అంత సంబరపడి పోగొట్టుకున్న ఊరు, తిరుగు లారీ కోసం ఎదురుచూస్తూ ఒక సాయంత్రం మాత్రం సముద్రం ఒడ్డున నిలబడి, మండే కళ్లతో చూసిన ఊరు. కూడికలో తప్పేమీ లేదు. తగ్గించమని నేనూ అడగలేదు.