బుచ్చిబాబన్న వదిలేసిన లెక్క

అమీర్‌పేటలో ఓదెలన్న జిరాక్స్ షాపులో నేను చేరేనాటికే బుచ్చిబాబన్న ఆ సందులో పాతవాడు. ఊరు రాజోలు దగ్గర. ఇంజినీరింగు పాసై, యూసుఫ్‌గూడలో నలుగురితో కలిసి గదిలో ఉంటూ, కోర్సు మీద కోర్సు నేర్చుకుంటున్నాడు. ఉద్యోగం మాత్రం రాలేదు. నాది తొమ్మిదితో ఆగిన చదువు. అమ్మకు జబ్బు చేస్తే మానేశాను. బోరబండ నుంచి బస్సులో వచ్చి పొద్దంతా మెషీన్ దగ్గర నిలబడతాను. మాట్లాడటం తక్కువ కాబట్టి వినడం ఎక్కువ.

మా షాపులో బాగా అమ్ముడుపోయేది ఇంటర్వ్యూ బండిల్. నలభై ప్రశ్నలు, నలభై జవాబులు, పైన ప్లాస్టిక్ అట్ట. అందరినీ భయపెట్టేది ముప్ఫై ఒకటో ప్రశ్న. ఏది తప్పో ఏది ఒప్పో తేల్చుకోవలసిన పరిస్థితి మీకెప్పుడైనా వచ్చిందా, అప్పుడేం చేశారు? జవాబు కూడా కిందే ఉంది. కాలేజీలో ప్రాజెక్టు పార్ట్‌నర్ వేరేవాళ్ళ ప్రోగ్రాం కాపీ కొట్టాడు, నేను మర్యాదగా వద్దని చెప్పి కొత్తగా రాశాను. బుచ్చిబాబన్న టీ గ్లాసు పట్టుకుని షాపు ముందు నిలబడి, అది ఎలా చెప్పాలో వచ్చినవాళ్ళందరికీ నేర్పేవాడు.

"'మర్యాదగా' అన్న దగ్గర కాస్త ఆగాలి తమ్ముడూ. బాధపడినట్టు కనపడాలి."

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఉద్యోగాల్లో చేరి స్వీట్లు తెచ్చేవారు.

"అందర్ని బస్సెక్కిస్తున్నవ్. నువ్వెప్పుడెక్కుతవ్?" అనేవాడు ఓదెలన్న.

"నా బస్సు లేటు ఓదెలన్నా."

నవ్వుతూనే అనేవాడు. కానీ ఆ జూన్ దాటితే ఆయన పాసై మూడేళ్ళు నిండుతాయి. ఆ తర్వాత కొత్తవాళ్ళ కింద పిలిచే కంపెనీలు ఉండవు. మేలో సోమాజిగూడ ఆఫీసు ఒకటి ఇంటర్వ్యూకు పిలిచింది. అదే చివరిదని మా ముగ్గురికీ తెలుసు.

ముందురోజు సాయంత్రం కౌంటర్ దగ్గర నిలబడి నాకే జవాబులు అప్పజెప్పాడు. ముప్ఫై ఒకటో దగ్గర నేను ఉండబట్టలేకపోయాను.

"అన్నా, మీ పార్ట్‌నర్ నిజంగ కాపీ కొట్టిండా?"

"వాడా? వాడు బంగారం. ప్రాజెక్టంతా వాడే చేశాడు. నేను బైండింగ్ చేయించాను."

"మరి ఆ పేపర్ సంగతి చెప్పరాదా?"

ఆయన నవ్వు ఆగిపోయింది.

అది జనవరిలో జరిగింది. ఎవరో ఒకతను నాలుగు కాగితాలు తెచ్చి అరవై కాపీలు కావాలన్నాడు. నేను మొదటిది అద్దం మీద పెట్టి మూత వేశాను. రెజ్యూమె కాపీల కోసం పక్కనే నిలబడ్డ బుచ్చిబాబన్న, మిగతా కాగితాల మీద కంపెనీ పేరు చూసి వాటిని బోర్లించాడు. మర్నాడు ఆయన రాయబోయే పరీక్ష పేపరు అది. ఓదెలన్నను పక్కకు పిలిచి చెప్పాడు. ఓదెలన్న ఒకసారి మెషీన్ వైపు చూసి, "టోనర్ అయిపోయింది భాయ్, ముంగటికి పో" అన్నాడు. అతను పక్క షాపుకు పోయాడు. మా సందులో జిరాక్స్ షాపులు పదకొండు. ఆ పరీక్షలో యూసుఫ్‌గూడ గదిలోవాళ్ళు ఇద్దరు పాసయ్యారు, బుచ్చిబాబన్న కాలేదు. చేతికందిన పేపరు బోర్లించిన మేధావి అని వాళ్ళు వారం రోజులు ఏడిపించారు.

"అది చెప్తే ఫెయిలయ్యానని కూడా చెప్పాలిగా నాగేశ్వరీ," అన్నాడు. "బండిల్లోదే మేలు."

మర్నాడు మూడింటికి పంజాగుట్ట వైపు నుంచి నడిచి వచ్చాడు. చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది. ఓదెలన్న స్టూలు జరిపాడు.

ఇంటర్వ్యూ చేసినావిడ పేరు ఛాయాదేవి అట. ఆ ప్రశ్న అడిగి, ఈయన నోరు తెరవకముందే, "ప్రాజెక్టు పార్ట్‌నర్ కాపీ కొట్టాడు, అంతేనా? పొద్దుట్నుంచి మీరు ఏడోవారు" అందట.

"అప్పుడేమన్నరు?" అన్నాను.

"ఏమంటాను? ఉన్న ఒక్క జవాబూ ఆవిడే చెప్పేసింది. గతిలేక పేపర్ సంగతి చెప్పాను. ఫెయిలైంది కూడా."

అంతా విని ఆవిడ, "ఒక్క ప్రశ్న కూడా చూడలేదా?" అని అడిగిందట.

"బోర్లించేలోపు ఒకటి కంట్లో పడిందండి. రైళ్ళ లెక్క."

"పరీక్షలో అది చేశారా?"

"లేదండి. వదిలేశాను."

ఈ సంగతి అప్పటిదాకా మాకూ తెలియదు. గదిలోవాళ్ళు అంత ఏడిపించినా ఆయన చెప్పలేదు.

"గదొక్కటి చేస్తే పాసయ్యేటోనివేమో," అన్నాడు ఓదెలన్న.

"ఏమో. మార్కులు చెప్పరుగా."

ఆవిడ ఒక కాగితం ముందుకు తోసి, ఆ లెక్క ఇప్పుడు చెయ్యమందట. చేశాడు. చూసి, ఫోన్ చేస్తామని పంపించేసింది.

నాలుగో రోజు పదకొండింటికి ఆయన ఫోన్ మా కౌంటర్ మీద ఛార్జింగులో ఉండగా మోగింది. "అవునండి, అవునండి" అన్నాడు. "థాంక్యూ మేడమ్" అన్నాడు. కట్ అయిన ఫోనుకు ఆ మాట ఇంకోసారి చెప్పాడు. జూన్ రెండున చేరాలి.

నేను గుర్తుచేసిన సంగతి చెప్పే ఉద్యోగం పోగొట్టుకున్నాడేమోనని ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సయించలేదు. మెషీన్ మూత ఎత్తి, ఆపిన కాపీలు మళ్ళీ మొదలుపెట్టాను.

"ఉద్యోగమొచ్చినోని మొఖమేనా గది? జర నవ్వు," అన్నాడు ఓదెలన్న.

"కాస్త ఆగు ఓదెలన్నా. వస్తుంది."

స్టూలు మీద కూర్చుని, చొక్కా పై గుండీ తీసి, గోడకు తల ఆనించాడు. బండిల్ కొన్నవాళ్ళెవరో ముప్ఫై ఒకటో ప్రశ్న గురించి అడగబోతే, ఇయ్యాల ఆయనకు సెలవని ఓదెలన్న పంపేశాడు. అప్పటికే బుచ్చిబాబన్న కళ్ళు మూతలు పడ్డాయి. భోజనాల వేళ దాకా మెషీన్ మోతలోనే నిద్రపోయాడు.