భూషణం కొనబోయిన ఎర్ర కారు

భూషణాన్ని నేను చూసినదానికంటే విన్నదే ఎక్కువ. బస్తర్‌లో, జగదల్‌పూర్ దాటాక కిరండూల్ లైన్‌లో ఒక చిన్న స్టేషన్‌కు నేను స్టేషన్ మాస్టర్‌ని. అక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న లెవెల్ క్రాసింగ్‌కు అతను గేట్‌మన్. పదకొండేళ్లుగా రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటున్నాం. ఇద్దరిదీ విజయనగరం వైపే. చదువుకుని నేను యాస పోగొట్టుకున్నాను, అతను పోగొట్టుకోలేదు.

మా పనిలో ప్రైవేట్ నంబర్ అని ఒకటుంది. రైలు వస్తోందని నేను గేటుకు ఫోన్ చేసి, నా షీటులోంచి ఒక నంబరు చెబుతాను. భూషణం గేటు మూసి, తన షీటులోంచి ఒకటి చెబుతాడు. ఒకరి నంబరు ఒకరం రిజిస్టరులో రాసుకుంటాం. నంబరిస్తే మాట ఇచ్చినట్టే. ఎదుటివాడు ఇచ్చాక మనం ఇవ్వకపోవడమన్నది మా ఉద్యోగంలోనే లేదు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో భూషణం రిజిస్టరులో ఒక్క కొట్టివేత లేదు. "నా పేరు మీద మచ్చ నేదు మాస్టారూ" అని అడగనివాళ్లకు కూడా చెప్పేవాడు. అతనికున్న ఆస్తి ఆ పేరు ఒక్కటే.

అలాంటి మనిషికి కారు పిచ్చి. ఏదో కారు కాదు, రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు. ఎప్పుడో ఒక వానాకాలం అలాంటిది గేటు దగ్గర ఆగిందట. ఇనుప ఖనిజం మోసే గూడ్సు బండి దాటేదాకా పావుగంటసేపు దాని ఇంజన్ చప్పుడు వింటూ నిలబడ్డాడట. ఆ ముచ్చట నాకు కనీసం వందసార్లు చెప్పి ఉంటాడు. "అంత కిందకుంటే నేల మీద కూకున్నట్టే కదా, దానికి కారెందుకు?" అని అతని భార్య దేవుడమ్మ దెప్పేది. అతను నవ్వేవాడు.

పోయిన ఏడాది ఫోన్‌లో అలాంటి ఎర్ర కారు ప్రకటన చూసి, ఫొటో నాకూ పంపాడు. కొత్తది పాతిక లక్షల పైమాటే అయిన కారు, మూడున్నర లక్షలకే ఇస్తారట.

"అంత చవకెందుకు?" అని అడిగాను.

"అమ్మేవోడు జవానండి మాస్టారూ. రాజ్‌కుమార్ అని, సుక్మా కేంపులో ఉన్నాడు. ఎక్కడికో దూరం బదిలీ అయిపోనాదట. కారు అట్టుకుని ఎల్లనేడు కదా!"

"జవానైతే ఫర్వాలేదులే. యూనిఫాం వేసుకున్నవాడు కారు కోసం అబద్ధమాడడు" అన్నాను.

టీ గ్లాసు కూడా కింద పెట్టకుండా అన్న మాట అది. ఆ మాటకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఆ మర్నాడే రాజ్‌కుమార్ తన గుర్తింపు కార్డు ఫొటో పంపి, "నాది చూశారుగా, మీది పంపండి" అన్నాడు. భూషణం తన రైల్వే కార్డు, ఆధార్ కార్డు రెండువైపులా ఫొటో తీసి పంపాడు. కార్డు గుండెల దగ్గర పట్టుకుని నిలబడిన ఫొటో కావాలంటే అదీ పంపాడు. అంతా అయిపోయాక నాకు చెప్పాడు. "ఆడిచ్చేడు, నానూ ఇచ్చేను. సరికి సరి" అన్నాడు నిశ్చింతగా. నేను ఊ కొట్టాను.

తర్వాత రాజ్‌కుమార్, కారు కేంపులోంచి బయటికి రావడానికి గేట్ పాస్ అని ఇరవై వేలు వేయించుకున్నాడు. మళ్లీ ఇన్సూరెన్సు అని ముప్ఫై వేలు అడిగాడు. అప్పుడు భూషణం, ఒక్కసారి వచ్చి కారు చూసుకుంటానన్నాడు. దాంతో అవతలి గొంతు మారిపోయిందట.

"కేంపులో ఏముందో నీకెందుకు? చూసి ఎవరికి చెప్పాలని? నీ కార్డు నా దగ్గరుంది. నీ పేరు పైకి పంపానంటే ఏమవుతుందో తెలుసా?"

వేరే ఊళ్లో అయితే ఈ మాటకు ఎవరైనా నవ్వి ఫోన్ పెట్టేస్తారేమో. బస్తర్‌లో నవ్వలేరు. ఇక్కడ మనిషి పేరు ఒక కాగితం మీదికి ఎక్కడమంటే ఏమిటో అందరికీ తెలుసు, అది జవాన్ల కాగితమైనా, అడవిలో తుపాకులు పట్టినవాళ్ల కాగితమైనా సరే. కేంపు గేటు ముందు నిలబడితే లోపలివాళ్లు అనుమానిస్తారు. నిలబడగా చూసిన బయటివాళ్లూ అనుమానిస్తారు. అందుకే ఎవరూ వెళ్లి అడగరు. ఆ సంగతి ఈ రాజ్‌కుమార్‌కు మాకంటే బాగా తెలుసు.

భూషణం ఆ మాటలన్నీ గేటు ఫోన్‌లో నాకు చెప్పాడు. "నానేటి సెయ్యాలి మాస్టారూ? దేవుడమ్మకి కూడా సెప్పనేదు."

మొదటిరోజే చేయాల్సిన పని నేను అప్పుడు చేశాను. కారు ఫొటోలో నంబరు ప్లేటు చూసి రవాణా శాఖ యాప్‌లో కొట్టాను. ఆ నంబరు వేరే జిల్లాలో ఎవరిదో ట్రాక్టరుది. ఫొటో పెద్దది చేసి చూస్తే ప్లేటు అంచులు అతికించినట్టున్నాయి. ఇంకాస్త చూశాను. స్టీరింగు ఎడమవైపు ఉంది. అది ఈ దేశపు కారే కాదు. నెల రోజులు ఆ ఫొటోను పొద్దున్నా సాయంత్రం చూసి మురిసిన భూషణానికి గానీ, చదువుకున్నానని మిడిసిపడే నాకు గానీ అది కనబడలేదు. ఎరుపు ఒక్కటే కనబడింది.

"కారు అబద్ధం భూషణం" అన్నాను.

"మరి జవాను?" అన్నాడు.

అతని భయం అదే. కారు లేకపోయినా జవాను ఉన్నాడేమో, నిజంగానే పేరు పంపేస్తాడేమో! నాలుగు రోజులు అన్నం తినలేదు. అయిదోరోజు తనే అన్నాడు, "కేంపుకే ఎల్లి అడిగీద్దాం. ఇలగ సచ్చేకంటే అదే నయం."

ఇద్దరం సెలవు పెట్టి సుక్మా బస్సెక్కాం. బస్సు దిగి కేంపు గేటు వైపు నడిచాం. ముళ్లకంచె అవతలనుంచి సెంట్రీ "ఆగండి" అని అరిచాడు. ఇద్దరం చేతులెత్తేశాం, ఎత్తమని ఎవరూ అనకుండానే. భూషణం ఫోన్‌లో రాజ్‌కుమార్ కార్డు ఫొటో చూపించి వచ్చిన హిందీలో ఏదో చెప్పాడు. సెంట్రీ లోపలికి కబురు చేస్తే, నడివయసు హవల్దారు ఒకాయన వచ్చాడు. ఫొటోను ఒక్క క్షణం చూసి ఫోన్ తిరిగిచ్చేశాడు.

"కారు కోసమా?" అన్నాడు హిందీలో. "మీరు అయిదోవాళ్లు. రాజ్‌కుమార్ పోయి ఏడాది దాటింది. సెలవు మీద ఇంటికి వెళ్తూ రోడ్డు ప్రమాదంలో పోయాడు. బతికుండగా తన పాత బైకు అమ్ముతూ ఎవడికో కార్డు ఫొటో పంపాడు. అప్పట్నుంచి వాడు ఈ మొహంతో కార్లు అమ్ముతున్నాడు. వచ్చినవాళ్లకల్లా నేను చెప్పి పంపుతున్నాను."

బెదిరించినవాడు జవాను కాదు, భూషణం పేరు ఏ కాగితం మీదికీ ఎక్కదు. సంతోషంగా అతని భుజం తట్టబోయాను. భూషణం ఇంకా ఆ కార్డు ఫొటోనే చూస్తున్నాడు.

"ఈ బాబు కార్డు ఇచ్చేడు, ఈ బాబు మొకంతో అమ్ముతన్నాడు. నానూ ఇచ్చేను కదా మాస్టారూ! రేపు నా మొకం అట్టుకుని ఒచ్చినోలకి ఎవులు సెప్తారు?"

పోలీసులకు ఫిర్యాదు ఇద్దామన్నాను. వద్దని కాళ్లు పట్టుకున్నంత పనిచేశాడు. పోలీసుస్టేషన్‌లో పేరు రాయించుకోవడానికి భయం, ఇంట్లో తెలుస్తుందని భయం. నేను గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. విచారణ అంటే, నమ్మమన్నది ఎవరని నన్నూ అడుగుతారు. నాకూ భయమే.

ఆ రోజునుంచి భూషణం మారిపోయాడు. గేటు దగ్గర కొత్త మనిషి ఎవరైనా బండి దిగితే గదిలోకి వెళ్లి తలుపు చాటున నిలబడేవాడట. "మీ గేట్‌మన్‌కు ఏమైంది సాబ్, నన్ను చూసి కూడా దాక్కుంటున్నాడు" అని గ్యాంగ్‌మన్ జోగ నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

రెండు నెలలు గడిచాయి. ఒక సంత రోజు, పదకొండు గంటలకు, ఖనిజం బండి వస్తోందని ఫోన్ చేశాను. గేటు మూసి నంబరిచ్చాడు. రాసుకుని పెట్టేయబోతుంటే, "మాస్టారూ, ఒచ్చీసేరు" అన్నాడు.

"ఎవరు?"

"ఆటోలోంచి దిగేరు. కుర్రోడు, ఒక ముసలమ్మ. ఫోన్‌లో ఏటో చూత్తా నాకాసే చూత్తన్నారు."

"నువ్వు కాదని చెప్పు. తలుపేసుకో. నేను జోగను పంపుతాను" అన్నాను గబగబా. భూషణం ఫోన్ బల్ల మీద పెట్టేశాడు, కట్ చేయలేదు. తలుపేసిన చప్పుడు కాలేదు. దూరం నుంచి కుర్రవాడి గొంతు, సరిహద్దు దగ్గర కోంటా వైపు తెలుగు.

"భూషణమంటే నువ్వేనా? ఈ కార్డు నీదే కదా? నా కారు యాడుంది? పెళ్లిళ్లకు కిరాయికి తిప్పుదామని మిర్చి అమ్మిన పైసలన్నీ ఏసిన. నిన్నటిసంది ఫోనెత్తవేంది?"

అంతలో ఖనిజం బండి వచ్చింది. రెండు ఇంజన్లు, ఆపైన వ్యాగన్లు. ఆ మోతలో ఏమీ వినబడలేదు. వాళ్లు కొడుతున్నారో, తోస్తున్నారో, జనం పోగయ్యారో తెలియదు. "భూషణం, భూషణం" అని అరుస్తూనే ఉన్నాను. ఒక బండికి అన్ని వ్యాగన్లుంటాయని నాకెప్పుడూ అనిపించలేదు. మోత తగ్గాక ముసలామె గొంతు వినిపించింది.

"నీకు కారే లేదంటున్నవు గదా. మరి నీ కార్డు వానికెట్ల పోయింది?"

ఆ కార్డు తనది కాదనవచ్చు. పోగొట్టుకున్నాననవచ్చు. దొంగిలించారనవచ్చు. ఆ జవాబులన్నీ నేను ఫోన్‌లో గొణుగుతూనే ఉన్నాను.

"నానే ఇచ్చేను తల్లీ" అన్నాడు భూషణం.

ఏడుపు వినిపించింది. ఎవరిదో తెలియలేదు. చాలాసేపటికి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"మాస్టారూ, బండి దాటిపోనాది, గేటు తెరుత్తన్నాను, రాసుకోండి. ఈలతో పోలీసుస్టేషన్‌కి ఎల్తన్నాను, నా డ్యూటీకి ఎవులినైనా పంపండి." రిజిస్టరు మూసిన చప్పుడైంది. "మీరూ ఒత్తారా? నాకు బయమేత్తంది."

వస్తానన్నాను.