ఎర్ర ఎనామిల్ గిన్నె

హెర్న్‌డన్‌లో మా ఆఫీసు, నాలుగో అంతస్తు, మీటింగ్ రూము. కుర్చీలు పద్దెనిమిది, కూర్చున్నవాళ్లం పదిహేడు మందిమి. బల్లమీద అట్టపెట్టెల్లో శాండ్‌విచ్‌లు, వెజ్‌వి ఒకవైపు, నాన్‌వెజ్‌వి ఒకవైపు. ప్రొజెక్టర్ ఒకటి. బయటినుంచి రప్పించిన ట్రైనర్ ఒకరు. తెరమీద నాజీల శిబిరంలోని ముళ్లకంచె ఫొటో, కంచె వెనుక చారల బట్టల్లో మనుషులు, వాళ్ల మొహాల మీదుగా తెల్లటి అక్షరాల్లో ఒక వాక్యం: కష్టకాలమే గట్టి టీములను తయారుచేస్తుందని.

ట్రైనర్ ఆ వాక్యం చదివి, మేమంతా తలలూపేదాకా ఆగి, తర్వాతి స్లయిడుకు వెళ్లిపోయాడు. నా పక్క మనిషి శాండ్‌విచ్ నములుతూనే ఉన్నాడు. నేను మాత్రం నాది రోతతో పక్కకు నెట్టేశాను. ఆ రోత నాకు కొత్త కాదు, చదువుకునే రోజుల్లో ఒకసారి సరిగ్గా ఇలాగే పుట్టింది, అయితే అప్పుడు దేన్ని చూసి అసహ్యించుకోవాలో తెలుసుకోవడానికి నాకు కొన్ని వారాలు పట్టింది.

నాతోపాటు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లకు ఆ బతుకు వేరే చెప్పక్కర్లేదు. షాంటిలీలో అపార్ట్‌మెంట్, హాల్లో నేలమీద పరుపు, వంటగదిలో ఎప్పుడూ ఎవరిదో ఒకరి పోపు వాసన. నేను చదువుతున్నది సిగ్నల్ ప్రాసెసింగ్, అంటే రికార్డు చేసిన శబ్దంలోంచి అక్కర్లేని మోతను తీసి పారేసే విద్య. ఆ సంగతి తెలిసి మా కాంప్లెక్సులోనే ఉండే ఒక అంకుల్ నన్ను పట్టుకున్నారు. అన్ని మతాలవాళ్లూ ఉన్న ఒక కాలనీ కమిటీలో ఆయన సభ్యులు. ఆ యేడు వాళ్లు లైబ్రరీ హాల్లో నాజీల కాలం నుంచి బతికి బయటపడ్డ యూదులను తలుచుకునే సభ పెట్టుకున్నారు. దగ్గర్లోనే, వయసు మళ్లినవాళ్ల అపార్ట్‌మెంట్లలో, అలాంటి పెద్దావిడ ఒకరున్నారు. ఆవిడకు గొంతులో ఆపరేషన్ చేయాలన్నారట, ఆ తర్వాత మాట ఉంటుందన్న నమ్మకం డాక్టర్లకే లేదు. కాబట్టి ముందే ఆవిడ చెప్పేది రికార్డు చేసి, శుభ్రం చేసి, సభలో వినిపించాలి. ఆ పని నాది.

ఆవిడ వంటగదిలోనే మైకు పెట్టాను. ఫ్రిజ్ రొద వస్తోందని ప్లగ్గు తీయబోతే ఆవిడ వద్దన్నారు, లోపల తిండి ఉందని. మైకును ఇంకో మూలకు జరుపుకున్నాను. ఆవిడ మొదలుపెట్టారు. పోలండ్‌లో చిన్న పట్టణం, ఊళ్లో యూదులందరినీ నాలుగు వీధుల్లోకి తోసి చుట్టూ గోడ కట్టిన ఘెట్టో, ఒక్క గదిలో మూడు కుటుంబాలు, మధ్యలో దుప్పటి తెర, తల్లీతండ్రీ జ్వరాలతో పోవడం, అక్కనీ తననీ మందుగుండు ఫ్యాక్టరీలో పనికి తోలుకుపోవడం, చివరికి విడుదల. బళ్లలో పిల్లలకు ఎన్నోసార్లు చెప్పి ఉంటారు, ఎక్కడా తడబాటు లేదు. నదిలో దొర్లి దొర్లి నున్నబడ్డ రాయిలా ఉంది ఆ కథ. నిజం చెప్పాలంటే నా కన్ను సగం లాప్‌టాప్ మీద కదిలే గీతల మీదే ఉంది.

మధ్యలో దాహమేసి నా సీసా తీసుకున్నాను. మా నాయనమ్మ నేర్పిన పద్ధతిలో తల వెనక్కి వాల్చి, సీసా మూతికి తగలకుండా ఎత్తి పోసుకుని తాగాను. ఆవిడ మాట ఆపేసి నన్నే చూస్తున్నారు. అలా ఎందుకు తాగుతావని అడిగారు. ఎంగిలి గురించి నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను: ఒకరి నోరు తగిలినది ఇంకొకరు తినరు, తాగరు, మా ఇళ్లలో అక్కాచెల్లెళ్లయినా సరే, ఒకరు కొరికింది ఇంకొకరు ముట్టరని.  ఆవిడ మైకు వైపు చూసి, అది ఇంకా ఆన్‌లోనే ఉందా అని అడిగారు. ఉందన్నాను.

అప్పుడు చెప్పారు, బళ్లలో చెప్పనిది. ఆ ఫ్యాక్టరీలో తాము గుండ్లలో నింపే మందు పసుపుపచ్చని పొడి, అది పట్టి ఒళ్లు, గోళ్లు, కళ్లలో తెలుపు కూడా పసుపుపచ్చగా మారిపోయేవట, ఏం నోట్లో పెట్టుకున్నా చేదేనట. అక్కకీ తనకీ కలిపి ఒక్క గిన్నె, ఎర్ర ఎనామిల్‌ది. పొద్దువాలగానే తాము పడుకునే షెడ్డుకు బయట తాళం వేసేవారు, తెల్లవారేదాకా తీసేవారు కాదు, లోపల బకెట్టు కూడా ఉండేది కాదు. విరేచనాలు పట్టుకున్నవాళ్లు దేన్ని వాడతారు, ఆ గిన్నెనే. పొద్దున ఇసకతో తుడిచి అందులోనే సూపు పోయించుకోవాలి. ఒకరోజు జబ్బుతో ఉన్న అక్క తిన్న రొట్టెముక్క లోపల నిలవక ఆ గిన్నెలోకే కక్కేసింది. ఆవిడ దాన్ని తినేశారు. తలెత్తితే అక్క చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, జాలి లేదు, అసహ్యం ఒక్కటే ఉంది. ఆ వారమే అక్క పోయింది. ఇంకో చూపు చూడలేదు.

తర్వాత ఆవిడ అన్న మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి. "అందరూ నన్ను ధైర్యం గురించి చెప్పమంటారు. అక్కడున్నది కంపు. ఆ కంపు చేసినవాళ్లు రోజూ చేతులు కడుక్కుని, తెల్లటి గుడ్డ పరిచిన బల్లమీద భోంచేసేవాళ్లు. మా అక్క మాత్రం నన్ను చూసి అసహ్యించుకుని పోయింది. వాళ్లకు చెందాల్సింది అది. ఇన్నేళ్లూ నా దగ్గరే ఉండిపోయింది."

ఇంటికొచ్చి రికార్డింగు శుభ్రం చేయడానికి కూర్చున్నాను. హెడ్‌ఫోన్స్ పాడై స్పీకర్లోనే పెట్టాల్సి వచ్చింది. స్టవ్ దగ్గర నిలబడ్డ మా రూమ్మేట్‌ది వరంగల్, నన్ను ఏడిపించనిదే వాడికి పొద్దుపోదు. "ఏంది బ్రో, గా ముసలమ్మతోని లవ్వా నీకు? జర పాటలు పెట్టరాదు," అన్నాడు. రికార్డింగులో ఆ గిన్నె మాట వచ్చేసరికి మ్యాగీ కలపడం ఆపేశాడు. "గదే గిన్నెలనా," అన్నాడు మెల్లగా. స్టవ్ ఆర్పేసి వచ్చి నేలమీద కూర్చుని, మళ్లీ మొదటినుంచి పెట్టమన్నాడు.

అంకుల్ విన్నప్పుడు వేరేగా జరిగింది. గిన్నె మాట రాగానే ఆయన మొహం చిట్లించి, చెయ్యి ముక్కుదాకా తీసుకుపోయి, ఆపెయ్యమన్నారు. "ముందంతా చాలా బాగుంది నాన్నా. ఇది మటుకు ట్రిమ్ చేసెయ్. పిల్లలొస్తారు, తర్వాత లంచ్ ఉంది, కాస్త ఇన్‌స్పైరింగ్‌గా ఉండాలి కదా," అన్నారు.

"ఆవిడ చెప్పాలనుకున్నదే అది కదంకుల్."

"నిజమే, కాదనను. కానీ జనం తినాలిగా బాబూ."

నన్ను అడిగితే ఆయన చెడ్డవాడు కాదు. నా మొదటి చలికాలానికి కోటు ఇచ్చింది ఆయనే. అందుకే ఆ మొహం చిట్లింపు నాకు ఇంకా రోతగా అనిపించింది. పైగా ఆవిడ వంటగదిలో ఆ గిన్నె గురించి వింటున్నప్పుడు నా మొహమూ అలాగే చిట్లింది, ఆవిడ చూశారు కూడా.

ఆపరేషన్ ముందురోజు వెళ్లి కమిటీ మాట చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగారు: అది వింటున్నప్పుడు అంకుల్ మొహం ఎలా పెట్టారని. చెప్పాను. అయితే మొత్తం వినిపించండి, లేకపోతే ఏదీ వద్దు అన్నారు. అంతలో దగ్గు తెర వచ్చి, నీళ్లకోసం చెయ్యి చాస్తే నా సీసా అందించాను. మూతి పెట్టి తాగి, సీసా అంచు తన చేతిరుమాలుతో తుడవబోయి, ఆగి, అలాగే తిరిగి ఇచ్చారు. నేను తల వాల్చలేదు. ఆవిడ తాగినట్టే తాగాను.

కమిటీ ఏదీ వద్దనే నిర్ణయించుకుంది. సభలో కొవ్వొత్తులు వెలిగించారు, పిల్లలు పాట పాడారు, ఒకాయన మానవజాతి ధైర్యం గురించి మాట్లాడారు, తర్వాత ట్రేలలో పనీర్ కూర, పులావు వచ్చాయి. ఆవిడ కోసం ముందు వరసలో వేసిన కుర్చీ ఖాళీగానే ఉంది. అంకుల్ ఒక ప్లేటు నా చేతిలో పెట్టారు. దాన్ని చెత్తబుట్టలో వేయడానికి చెయ్యి రాలేదు, తినడానికి నోరు రాలేదు. ఆ ప్లేటు పట్టుకునే బస్‌స్టాపుదాకా నడిచాను.

ఆపరేషన్ తర్వాత ఆవిడకు మాట రాలేదు. తెల్లకాగితం మీద రాసి నాకు అనుమతి ఇచ్చారు, ముక్క కోయకుండా నెట్‌లో పెట్టమని. పెట్టేముందు ఒకసారి వినిపిస్తే కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు. ఆ తర్వాత రెండేళ్లకు పోయారు.

ఇప్పుడు మా రూమ్మేట్ ఐసెలిన్‌లో ఇల్లు కొనుక్కున్నాడు, అంకుల్ రిటైరయ్యారు, నాకు జీతమొచ్చే పని మనుషుల గొంతుల వెనక మోతను తీసేయడమే. ఆ రోజుల్లో మనకు మంచాలుండేవి కావు కానీ, ఒక గొంతును మొదటినుంచి చివరిదాకా వినడానికి స్టవ్ ఆర్పేసే తీరిక ఉండేది. ఇప్పుడు ఆ కంపును కడిగి, ముళ్లకంచె మీద అందమైన అక్షరాలు రాసి, శాండ్‌విచ్‌లతో కలిపి వడ్డిస్తున్నారు, ఎవరి మొహమూ చిట్లడం లేదు. ఎత్తి పోసుకుని తాగే అలవాటు నాకూ పోయింది.

ఆ మీటింగు అయ్యాక రికార్డింగు లింకు ట్రైనర్‌తో సహా గదిలో ఉన్న అందరికీ పంపాను. బాగుందని బొటనవేలి గుర్తులు వచ్చాయి. నాకు తెలిసి ఇన్నేళ్లలో దాన్ని పూర్తిగా విన్నవాళ్లు, ఆవిడతోనూ మా రూమ్మేట్‌తోనూ నాతోనూ కలిపి, నిన్న సాయంత్రానికి ముగ్గురు.