మొర్రిగుడకు నీళ్ళొచ్చిన స్లైడు

అరకులోయలోని ఒక సర్కారు ఆఫీసులో వంతల సోంబరు కంప్యూటర్ ఆపరేటరు. అవుట్‌సోర్సింగు ఉద్యోగం, మెడలో తాడు, తాడుకో కార్డు. ఆ ఆఫీసులో రోడ్ల పనులు కదలవు, బడి కప్పుల పనులు కదలవు, ఫైళ్ళయితే అసలే కదలవు. తెర మీద మాత్రం సోంబరు పుణ్యమా అని అన్నీ కదిలేవి. కాఫీ గింజలు పైనుంచి టపటపా రాలి గోనెసంచిలో పడేవి. పసుపు కొమ్ములు గిరగిరా తిరుగుతూ వచ్చి వరసలో నిలబడేవి. లబ్ధిదారుల సంఖ్య ఎడమవైపు నుంచి పరుగెత్తుకొచ్చి, నాలుగు గెంతులు గెంతి, బుద్ధిగా కూర్చునేది.

దీని మీద అతనికి గర్వం, అదీ మామూలు గర్వం కాదు. పక్క సెక్షను వాళ్ళు ఏ చార్టునో ఉత్తినే అతికించి తెస్తే ముఖం చిట్లించేవాడు. "ఏటండీ, శవాన్ని పడుకోబెట్టినట్టు పెట్టేసినారు?" అనేవాడు. పైవాళ్ళు కూడా ఆ గర్వాన్ని బాగానే మేపారు. చదివే ఓపిక లేని దొరలకు చూడటానికి ఏదో ఒకటి ఎగురుతూ ఉండాలి కదా! సమీక్ష ముగిశాక "స్లైడ్స్ అదిరాయి" అని ఒకరి భుజం ఒకరు తట్టుకుని, జీడిపప్పు తిని వెళ్ళిపోయేవారు.

అయితే ఆ ఆఫీసులో ఎవరూ కాగితం మీద పెట్టని ఆచారం ఒకటుండేది. అయిపోయిన పనులే తెర మీద కదలాలి. ఇంకా అడుగుతున్నవి, అంటే ప్రతిపాదనలు, చివర్న ఎర్రక్షరాల్లో చలనం లేకుండా పడుండాలి. కదిలేదాన్ని చూసి పెద్దసార్లు తలూపుతారు, కదలనిది రాగానే వాచీ చూసుకుంటారు. ఇన్నేళ్ళుగా అందరూ ఆ లెక్కకు అలవాటుపడ్డారు.

సోంబరు సొంతూరు మొర్రిగుడ, కొండవాలు మీద పిడికెడు ఇళ్ళు. నీళ్ళు కావాలంటే ఆడవాళ్ళు కిందున్న గెడ్డ వాగులోకి దిగాలి. ఇసకలో చలమ తవ్వి, ఊరేదాకా కూర్చుని, ముంచుకుని మళ్ళీ ఎక్కాలి. ఊరికి పైన కొండలో ఏడాది పొడుగునా పారే ఊట ఉంది. అక్కణ్ణుంచి గొట్టం వేస్తే మోటారు కూడా అక్కర్లేదు, నీళ్ళు వాటంతటవే దిగుతాయి. ఆ సంగతి ఊళ్ళో మేకలకు కూడా తెలుసు. తెలియనిది ప్రభుత్వానికే.

సోంబరు పెళ్ళాం కనక అప్పుడు కడుపుతో ఉంది. నెత్తిన బిందెతో ఆమె ఆ వాలు ఎక్కుతుంటే అతను చూడలేకపోయేవాడు. చూడలేక ఏం చేసేవాడయ్యా అంటే, ముఖం పక్కకు తిప్పుకుని బండి స్టార్ట్ చేసి ఆఫీసుకు పోయేవాడు.

చివరికి ఆ ఏడు మొర్రిగుడ పేరు ప్రతిపాదనల్లోకి ఎక్కింది. రాజధాని నుంచి పెద్దసారు సమీక్షకు వస్తున్నాడు. ఇంజనీరు లక్ష్మీప్రసాద్ సోంబరు బల్ల దగ్గరికొచ్చి చెప్పాడు.

"మీ ఊరు కూడా పెట్టాన్రా. ఆఖర్న ఒక్క లైను, ఎర్రక్షరాలు. సాలు."

"బొమ్మ పెడతాను సార్. కొంచెం కదిలేలాగ."

"ప్రపోజల్ని కదపకు. అయిపోయిందనుకుంటారు. తరవాత నా పీకకి సుట్టుకుంటాది."

సోంబరు "అలాగే సార్" అన్నాడు. లోపల మాత్రం, ఈయనకేం తెలుసు నా విద్య అనుకున్నాడు. ఎర్రక్షరాలు ఎవడు చదువుతాడు? కళ్ళతో చూస్తే రాయిలాంటి మనసైనా కరగదా? అతని ప్రేమ నిజమే, కాదనను. కానీ ఆ ప్రేమలో సగం పెళ్ళాం మీద, సగం తన యానిమేషన్ మీద. ఏ సగం పెద్దదో అతనికే తెలియదు.

కొండను ఫొటో తీసి స్లైడులో పరిచాడు. ఊట దగ్గర నీలంగీత మొదలై, బండరాళ్ళ పక్కనుంచి వంకర్లు తిరుగుతూ ఊళ్ళోకి దిగేది. అది తగలగానే ఇంటింటి ముందూ ఒక కొళాయి గెంతుతూ లేచేది. కొళాయిల నుంచి చుక్కలు రాలేవి. ఆఖర్న ఒక ఇత్తడి బిందె అడుగు నుంచి అంచు దాకా నిండేది. నిండిన బిందె ఒకసారి తళుక్కుమనేది కూడా. మూలన 'ప్రతిపాదన' అని రాశాడు, రాయకపోలేదు. కానీ ఆ మాట బిందెకు అడ్డొస్తోంది. నీళ్ళు రాగానే ఆ మాట మెల్లగా మాయమయ్యేలా పెట్టాడు ఆ మహానుభావుడు.

సమీక్ష రోజున పెద్దసారు అంతసేపూ ఫోనులోనే ఉన్నాడు. మొర్రిగుడ స్లైడు దగ్గర తలెత్తాడు. నీలంగీత కొండ దిగింది, కొళాయిలు లేచాయి, బిందె నిండింది. "మళ్ళీ ఒకసారి వెయ్యండి" అన్నాడు. మళ్ళీ వేశారు. పెద్దసారు చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాక హాలంతా కొట్టింది.

"పనంటే ఇదయ్యా! ఊట నుంచి వంటింటి దాకా! ఎవరు చేశారిది?"

లక్ష్మీప్రసాద్ తెరకేసి చూశాడు, పెద్దసారుకేసి చూశాడు, లేచి నిలబడ్డాడు. "మా టీమ్ సార్" అన్నాడు.

"ఈ ప్రజెంటేషన్ చేసిందెవరు?"

సోంబరు లేచాడు. ఆ ఊరివాడేనని ఎవరో చెప్పారు. పెద్దసారు మరీ ముచ్చటపడ్డాడు.

"అయితే నువ్వే చెప్పాలి. మీ ఊళ్ళో జనం హ్యాపీయేనా?"

చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకా వెయ్యలేదు సార్, ఇది బొమ్మ సార్. అంతే, అంతకుమించి అక్కర్లేదు. కానీ జీవితంలో మొదటిసారి అంత పెద్దవాడు తనకేసి చూసి నవ్వుతున్నాడు. ఆ నవ్వును చెడగొట్టడానికి సోంబరుకు నోరు రాలేదు.

"చాలా హ్యాపీ సార్" అన్నాడు.

మర్నాటికల్లా మొర్రిగుడ 'పూర్తయినవి' జాబితాలో ఉంది. సోంబరు పరుగున లక్ష్మీప్రసాద్ దగ్గరికి వెళ్ళాడు.

"మార్పించండి సార్. మా ఊరికి నీల్లు రాకుండా పోతాయి."

"నీల్లొచ్చాయని నువ్వే కదరా సెప్పావు! పెద్దసారు సప్పట్లు కొట్టినాక, కాదు సార్, తప్పు సార్ అని నేను సెప్పాలా? నీ కోసం నా ఉద్యోగం పోగొట్టుకోవాలా?" కాసేపు తిట్టి, తరవాత గొంతు తగ్గించాడు. "అయిపోయిన ఊరికి కొత్తగా ఇవ్వరు. రిపేరుకయితే ఇత్తారు. వచ్చే ఏడాది కొళాయిలు పాడయిపోయాయని పెడదాం. ఆ పేరుతో మొత్తం కొత్తగా ఏసేద్దాం."

లేని కొళాయిల్ని పాడుచేసి బాగుచెయ్యాలి. ఇంత తెలివి ఊట నీళ్ళు కిందికి దింపడానికి వాడి ఉంటే ఎప్పుడో పని అయిపోయేది. సోంబరుకు మాత్రం అది దేవుడు చూపిన దారిలా కనిపించింది. ఏడాది తిరిగింది. కనక కూతుర్ని కంది. ఇప్పుడు బిడ్డను వీపున కట్టుకుని గెడ్డలోకి దిగుతోంది.

మళ్ళీ సమీక్ష, మళ్ళీ అదే పెద్దసారు. సోంబరు ఈసారి స్లైడు భయంభయంగా చేశాడు. అయినా చెయ్యి ఊరుకోదు కదా, గొట్టం ఫట్‌మని రెండు ముక్కలయ్యేలా, కొళాయిలు ఒక్కొక్కటే తలవాల్చేలా పెట్టాడు. మౌస్ పట్టుకుని తనే తెర పక్కన కూర్చున్నాడు.

గొట్టం విరిగింది. కొళాయిలు తలలు వాల్చాయి. పెద్దసారు కుర్చీలో ముందుకు వంగాడు.

"ఇది పోయినేడాది మనం ఇచ్చిన ఊరే కదూ? ఏడాదికే పగలగొట్టేశారా? ఇదేనయ్యా వీళ్ళతో వచ్చిన చిక్కు. ఎంత చేసినా నిలబెట్టుకోవడం తెలీదు. రిపేరూ లేదు, ఏమీ లేదు. ముందు బాధ్యత నేర్చుకోమనండి. నెక్స్ట్."

లక్ష్మీప్రసాద్ తల వంచుకుని ఏదో రాసుకుంటున్నట్టు నటించాడు. తన తల్లిని, పెళ్ళాన్ని, ఊరంతటినీ తన కళ్ళ ముందే దోషుల్ని చేశాడు ఆ మనిషి. సోంబరుకు కోపం వచ్చింది, సిగ్గు అంతకంటే ఎక్కువ వచ్చింది.

సాయంత్రం అతను ఇంటికొచ్చేసరికి కనక బిందెలు దించి, వీపున కట్టిన బిడ్డను విప్పుతోంది.

"ఏటన్నాడు మీ పెద్దసారు? నీల్లిత్తాడంటనా?"

"ఇవ్వడంట."

"ఏల?"

"ఇచ్చిన కొళాయిలు మనమే పగలగొట్టేసినామంట."

కనక చంటిదాన్ని చంకనేసుకుంది. గుమ్మం ముందు, గోడ పక్కన, ఎప్పుడూ ఏ కొళాయీ లేని మట్టినేలకేసి చూసింది. తరవాత మొగుడికేసి చూసింది.

"మరి నువ్వేటన్నావు?"

సోంబరు మెడలోని తాడు తీసి మేకుకు తగిలించాడు.

"నెక్స్ట్ నొక్కినాను."